పెదనాన్న గురించి పుస్తకం వేస్తున్నారు. "సేవామూర్తి" కాకుండా ఇంకేం రాయొచ్చు?

లంకపిల్ల
మా పెదనాన్న పోయి నెల దాటింది. ఎనభై నాలుగేళ్లు. పేరు రాయను, ట్రస్టు ఆస్పత్రి ఏవో గారు అంటే ఇక్కడి కోనసీమ వాళ్లలో సగం మందికి తెలుస్తుంది. 1964లో అకౌంట్స్ గుమాస్తాగా చేరారు, 1981లో అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ (ఏవో) అయ్యారు, 1998లో రిటైరయ్యారు. అక్కణ్ణుంచి పాతికేళ్లు గొడుగు పట్టుకుని ఊళ్లమ్మట తిరిగారు.

సంవత్సరీకం నాటికి చిన్న పుస్తకం వెయ్యాలని ఆస్పత్రి కమిటీ అనుకుంది. "నువ్వు తెలుగు బాగా రాస్తావు కదమ్మా" అని నా నెత్తిన పెట్టారు. ముసాయిదా వాళ్లే ఇచ్చారు, పదహారు పేజీలు. కూర్చుని లెక్కపెట్టాను. "సేవామూర్తి" పదకొండు సార్లు, "అజాతశత్రువు" నాలుగు సార్లు, "అపర డొక్కా సీతమ్మ" ఒకసారి. ఆయన ఫలానా రోజున ఫలానా పని చేశారన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. ఇది ఎవరి పుస్తకమైనా కావచ్చు, ఫొటో మారిస్తే చాలు.

అజాతశత్రువు అన్నమాట అసలే అబద్ధం. నాకు తెలిసి ఆయనతో మాటలు మానేసినవాళ్లు కనీసం నలుగురు. అందులో ఒకరు మా నాన్న.

ఆయనతో పనిచేసినవాళ్లు, ఆ ఆస్పత్రిలో పడుకున్నవాళ్లు ఇక్కడ ఉంటే జరిగింది జరిగినట్టు చెప్పండి. తిట్లయినా సరే.

కొబ్బరాకు
గొడుగు సంగతి లేకుండా పుస్తకం వేస్తే నేను కొనను.

పూతరేకు
ఉచితంగా పంచే పుస్తకం అండి అది. మీరు కొననక్కర్లేదు.

కొబ్బరాకు
అయితే చదవను.

గౌతమిగట్టు
"అపర డొక్కా సీతమ్మ" అని రాసినాయన ఎవరో గానీ ఆ ఆస్పత్రి క్యాంటీన్ మొహం చూసి ఉండడు. లంకల గన్నవరంలో ఆవిడ అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచి వండిపెట్టేదని మా నాయనమ్మ చెప్పేది. ఈయన రాత్రి ఎనిమిదిన్నరకల్లా క్యాంటీన్‌కి తాళం వేయించేవాడు. మా మావయ్య ఆపరేషన్ అప్పుడు రెండు రాత్రులు బన్ను తిని పడుకున్నాను నేను.

బిల్లు_కౌంటర్
ఆ తాళం ఎందుకో నేను చెప్తాను. 1985 నుంచి పదకొండేళ్లు ఆయన దగ్గర బిల్లింగులో చేశాను. ఎనిమిదిన్నర దాటాక ఆ క్యాంటీన్‌లో చేరేది పేకాట బ్యాచ్. రెండుసార్లు కొట్లాట అయింది, రెండోసారి ఒకడికి తల పగిలి మన క్యాజువాల్టీలోనే కుట్లు వేశారు. మర్నాటి నుంచి తాళం. మీ బన్ను సంగతి నిజమే, పేషెంట్ల తాలూకు వాళ్లు కూడా ఇబ్బంది పడ్డారు. ఎవరు చెప్పినా వినలేదు.

ఇక పని సంగతి. పొద్దున ఆరున్నరకి వచ్చేవారు. మొదట వెళ్లేది లెట్రిన్లకి. తర్వాత వంటగది, తర్వాత దోభీ మూటలు. డాక్టర్ల గదుల వైపు ఎనిమిది దాటాకే. నేను చేరిన రోజు ఫైళ్లు పట్టుకుని వెళ్తే, "అవి అక్కడ పెట్టు. మగవాళ్ల వార్డు లెట్రిన్లు ఎన్నిటికి లోపలి గడియ పడుతోందో చూసిరా" అన్నారు. ఆరింట్లో నాలుగిటికి పడింది. సాయంత్రానికి వడ్రంగి వచ్చాడు. నాకు ఉద్యోగం అర్థమైంది.

డిశ్చార్జ్ అయ్యేవాళ్లు బిల్లు కట్టడానికి వస్తే ఆయన నా వెనక స్టూలు మీద కూర్చునేవారు. ఒక్కటే ప్రశ్న, "ఎలా వచ్చారు?" పంటు దిగి నడిచొచ్చాం అంటే ఒక లెక్క, టాక్సీ అంటే ఇంకో లెక్క. చేతిలో క్యారేజీ చూసేవారు, స్టీలుదా సత్తుదా అని. బిల్లు పైమూల ఎర్ర సిరాతో చిన్న టిక్కు పెట్టి నా ముందుకి తోస్తే, మిగతా డబ్బు అడగొద్దని. ఆ టిక్కు ఏమిటో పేషెంటుకి తెలియకూడదు. "లెక్క సరిపోయింది, వెళ్లిరండి" అనాలి. ఒకసారి నేను "మీకు తగ్గించారు" అని నోరు జారాను. ఆ ముసలాయన అక్కడే దండాలు పెట్టడం మొదలెట్టాడు. నన్ను వారం రోజులు స్టోర్స్‌కి మార్చేశారు.

తొమ్మిదో_వార్డు
ఆ "ఎలా వచ్చారు" మమ్మల్నీ అడిగారు. 1991, మా అమ్మకి పేగు ఆపరేషన్. నాకు పదిహేడేళ్లు. అంబాసిడర్‌లో వచ్చాం అని గొప్పగా చెప్పాను. ఆ కారు మా ఆసామిది, ఆ ఒక్క పూటకి ఇచ్చాడు. నాన్న నా డొక్కలో పొడిచేలోపు మాట బయటికి వచ్చేసింది.

టిక్కు పడలేదు. ఆ వారమే పాడిగేదెని అమ్మేశాం. ఇన్నేళ్లూ ఆయన్ని తిట్టుకున్నాను. అసలు టిక్కు అనేది ఒకటుందని ఇవాళే తెలిసింది, ఇప్పుడు ఎవర్ని తిట్టుకోవాలో తెలియట్లేదు. పుస్తకంలో ఇది వేస్తారా?

లంకపిల్ల
వేస్తాను. మీ మాటల్లోనే.

బిల్లు_కౌంటర్
తొమ్మిదో వార్డు గారూ, ఆ రోజు కౌంటర్లో నేనే ఉండి ఉంటాను. కారు చూసి మనిషిని లెక్కగట్టడం తప్పే. ఇలాంటివి ఇంకో రెండు మూడు నాకు గుర్తున్నాయి. అటు తిరగేసీ జరిగేది. సత్తు క్యారేజీతో వచ్చి టిక్కు వేయించుకుని వెళ్లిన ఒకాయన, ఆ ఏడాదే రైసుమిల్లులో వాటా కొన్నాడు.

పూతరేకు
అంతా బాగానే ఉంది గానీ, ఆ మాఫీ చేసిన డబ్బు ఎవరిది? ట్రస్టు సొమ్మే కదా. ఎవరో ఇచ్చిన విరాళంతో ఈయన దానకర్ణుడు అయిపోవడం ఏమిటి? నేను ఆడిటర్ని, నాకు ఇలాంటివి చదివితే బీపీ వస్తుంది.

బిల్లు_కౌంటర్
బీపీ బిళ్ల వేసుకుని చదవండి. ఆ డబ్బు కొబ్బరికాయలది.

ఆస్పత్రి కాంపౌండ్‌లో 62 చెట్లు ఉండేవి. ఆయన ఏవో అయ్యేదాకా ఆ కాయలు ఎవరెవరి ఇళ్లకి వెళ్లేవో ఎవరూ అడగలేదు. ఈయన వచ్చిన మొదటి ఏడాదే కాయలకి పాట పెట్టించారు. దింపు తీసిన రోజున గొడుగు వేసుకుని చెట్ల కింద నిలబడి లెక్క రాసుకునేవారు. ఆ డబ్బుకి పూర్ ఫండ్ అని విడిగా ఖాతా తెరిచి, కమిటీ చేత తీర్మానం చేయించి, ప్రతి ఎర్ర టిక్కుకీ అందులోంచి వోచర్ రాయించేవారు. ఆడిట్‌లో ఏ ఏడూ పైసా తేడా రాలేదు. ఫండు అయిపోతే టిక్కులు ఆగిపోయేవి, తర్వాతి దింపు దాకా. 1991లో మీ అమ్మగారి నెలలో ఫండు ఉందో లేదో, అదీ ఒక సంగతే.

పూతరేకు
తీర్మానం, విడి ఖాతా, వోచర్లు. మాట వెనక్కి తీసుకున్నాను. ఈ పేరా ఉన్నదున్నట్టు వెయ్యండి లంకపిల్ల గారూ, నాలాంటివాళ్లకి కళ్లనీళ్లు వచ్చేది ఇలాంటి చోటే.

పాతకాలం_సిస్టర్
మద్రాసు ఆంధ్ర మహిళా సభలో ట్రైనింగ్ అయ్యి 1974లో చేరాను, 2006 దాకా ఉన్నాను. అందరూ కొబ్బరికాయలు, ఎర్ర టిక్కులు అంటున్నారు. మా జీతాల సంగతి ఎవరూ అనరేం?

1987లో నర్సులం రెండు రోజులు వరండాలో కూర్చున్నాం. ఇరవై మూడు మందిమి. ఈయన రెండు పూటలా మజ్జిగ పంపించాడు, ఉప్పూ కరివేపాకూ వేసి మరీ. ఇంక్రిమెంట్ పంపించలేదు. కమిటీ ఒప్పుకోలేదన్నాడు. అడిగావా అన్నాను. అడగలేదు, అడిగినా ఇవ్వరు అన్నాడు. నేను ఆర్నెల్లు ఆయనతో డ్యూటీ మాటలు తప్ప మాట్లాడలేదు. మూడు నిమిషాలు ఆలస్యమైతే అరపూట కోత మాత్రం ఠంచనుగా పడేది.

పుస్తకంలో రాస్తే ఇది కూడా రాయి తల్లీ. ఇంకోటి కూడా రాయి. రాత్రి డ్యూటీ నర్సులకి లోపల గడియ ఉన్న గది, పక్కనే బాత్రూమ్ కట్టించింది ఈయనే. అంతకుముందు మేం స్టోర్ రూములో మూటల మీద పడుకునేవాళ్లం, తలుపు లేదు. ఒక మగ డాక్టరు గారు "వీళ్లకి గదెందుకు, డ్యూటీలో నిద్రపోవడానికా" అన్నాడు. "మీకు గదెందుకు ఇచ్చాం డాక్టర్ గారూ" అని అడిగాడు ఈయన. అంతే, ఇంకేం అనలేదు.

లంకపిల్ల
మాటలు మానేసిన నలుగురిలో మీరు ఒకరా సిస్టర్?

పాతకాలం_సిస్టర్
నేను ఆర్నెల్లే. నన్ను లెక్కలోంచి తీసెయ్. ఏడో నెలలో ఆయనే కమిటీలో అడిగాడు, నలభై రూపాయలు పెరిగింది. అడిగితే ఇచ్చారు చూశావా.

ఇంకో ముచ్చట. విజిటర్ల టైము నాలుగు నుంచి ఆరు. ఒకసారి కమిటీ పెద్దమనిషి ఏడింటికి వచ్చి గేటు తియ్యమన్నాడు. వాచ్‌మన్ తియ్యలేదు. పెద్ద గొడవ. వాచ్‌మన్‌కి ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, మా దుర్గాబాయమ్మ గారి కథ. మేం ట్రైనింగ్ అయిన సభ ఆవిడ 1937లో పెట్టిందే, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు, రాజమండ్రి ఆడపడుచు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ సభలు అయినప్పుడు ఖద్దరు ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరుగా నిలబడింది, పద్నాలుగేళ్ల పిల్ల. నెహ్రూ గారు టికెట్ లేకుండా వస్తే లోపలికి వెళ్లనివ్వలేదు. ఎవరో టికెట్ కొనిస్తే అప్పుడు వదిలింది. నేను ఒకనాడు ఈ కథ చెప్తే ఏవో గారు వాచ్‌మన్‌ని పిలిపించి మళ్లీ నా చేత చెప్పించాడు. ఆ తర్వాత ఆ వాచ్‌మన్‌తో ఎవరూ వేగలేకపోయారు.

కొబ్బరాకు
ఆ వాచ్‌మన్ నన్ను మా ఆవిడ డెలివరీకే ఆపాడు. నెహ్రూ గారి తర్వాత నేనేనన్నమాట.

మెడికో_90
కాకినాడ రంగరాయలో చదివి, 1992లో ఏడాదిన్నర అక్కడ డ్యూటీ డాక్టరుగా చేశాను. ఒక రాత్రి లారీ గుద్దిన కుర్రాణ్ణి రిక్షాలో పడేసి తెచ్చారు. తొడ నుంచి రక్తం. పోలీసులు రాలేదు, వెంట వచ్చినవాడు పేరు చెప్పకుండా జారుకున్నాడు. నాకు ఇరవై అయిదేళ్లు, మెడికో లీగల్ కేసు ముట్టుకుంటే కోర్టుల చుట్టూ తిరగాలని సీనియర్లు భయపెట్టి ఉన్నారు. పెద్దాస్పత్రికి పంపేద్దాం అన్నాను.

ఏవో గారు లుంగీ మీదే వచ్చారు. క్వార్టర్స్ పక్కనే. చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ అట్టకి అంటించి ఒక కాగితం ఉంది, 1989 నాటి సుప్రీంకోర్టు తీర్పు, పరమానంద్ కటారా కేసు. ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు కాగితాలు తర్వాత, గవర్నమెంటు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా అంతే అని సారాంశం తెలుగులో టైపు చేయించి పెట్టారు. నేను రోజూ దాని కిందే కూర్చునేవాణ్ణి, ఏనాడూ చదవలేదు. "చదివారా? ఇక కుట్లు వెయ్యండి. పోలీసులు వస్తే నేను మాట్లాడతాను" అన్నారు. కుర్రాడు బతికాడు. కోర్టుకి రెండుసార్లు పిలిచారు నన్ను, రెండుసార్లూ ఆయన బస్సులో పక్కన కూర్చుని వచ్చారు.

రక్తం సంగతి కూడా చెప్పాలి. 1998 జనవరి నుంచి రక్తం అమ్ముకునేవాళ్ల దగ్గర తీసుకోకూడదని సుప్రీంకోర్టు ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. అంతకుముందు పెద్దాస్పత్రుల గేట్ల ముందు వాళ్లే దిక్కు. బక్కచిక్కి, నెలకి రెండుసార్లు ఇచ్చేవాళ్లు. ఈయనకి అది అస్సలు నచ్చేది కాదు. నేను చేరేసరికే ఒక పొడుగు నోట్‌బుక్ ఉండేది, ఊరి వారీగా. "బి నెగటివ్, రేవు దగ్గర సైకిల్ షాపు, అరిస్తే పలుకుతాడు" అని ఉండేది ఒక ఎంట్రీ. ఇంకో చోట "ఓ నెగటివ్, పంతులు గారు, స్కూలు వదిలాక మాత్రమే". ఫోన్లు ఎక్కడివి అప్పుడు. సైకిలు మీద కుర్రాణ్ణి పంపేవారు.

లంకపిల్ల
ఆ నోట్‌బుక్ మా పెద్దమ్మ దగ్గర ఉంది! లోపల ఈ ఊళ్ల పేర్లు, గ్రూపులు చూసి అప్పుల పుస్తకం అనుకున్నాం. కొన్ని పేర్ల మీద అడ్డంగా గీత ఉంది.

మెడికో_90
గీత అంటే పోయినవాళ్లు.

గౌతమిగట్టు
ఆ నలుగురిలో ఒకరి సంగతి నాకు తెలుసు. అంతకంటే ముందు 1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, మా లంకలు కనపడకుండా పోయాయి. ఆస్పత్రి కింది అంతస్తులో మోకాలి లోతు నీళ్లు వచ్చేలోపే పేషెంట్లందరినీ మేడ మీదికి మంచాలతో సహా ఎక్కించారు. నేనూ ఒక మంచం కాలు పట్టుకున్నాను. ఈయన మెట్ల మలుపులో నిలబడి గొడుగుతో ట్రాఫిక్ పోలీసులాగా చూపిస్తున్నాడు, తను మాత్రం ఒక్క మంచం పట్టలేదు. అప్పుడు కోపం వచ్చింది. మలుపులో ఎవరూ లేకపోతే రెండు మంచాలు ఇరుక్కుని అందరం ఆగిపోయేవాళ్లమని ఇల్లు చేరాక తట్టింది.

1996 నవంబరు 6 తుపాను రాత్రి మీకందరికీ తెలిసిందే. పొద్దున లేచేసరికి కోనసీమకి కోనసీమ బోర్లా పడుకుంది. కరెంటు వారాల తరబడి లేదు. ఆస్పత్రి జనరేటర్‌కి రెండు డ్రమ్ముల డీజిలు. ఈయన చీటీ రాసి అంటించాడు: థియేటర్, రక్తం ఫ్రిజ్, నీళ్ల మోటారు పొద్దున గంట. అంతే, తన గదిలో కూడా కొవ్వొత్తి. ఒక ట్రస్టీ గారి ఇల్లు ఆస్పత్రి గోడ పక్కనే. ఒక్క లైను లాగించమని కబురు పంపాడు, ఇంట్లో బాలింత ఉందని. "బాలింతని తీసుకురండి, మంచం ఇస్తాం. లైను ఇవ్వను" అని జవాబు. ఆ ట్రస్టీ చనిపోయేదాకా ఈయనతో మాట్లాడలేదు.

పూతరేకు
బాలింత వచ్చిందా?

గౌతమిగట్టు
వచ్చింది. తొమ్మిది రోజులు ఉంది. ఎవరితో మాటలు లేకపోతే ఏం, పాలు బిడ్డకి కదా కావాలి.

బిల్లు_కౌంటర్
ఆ తుపానుతో 62 చెట్లలో 9 మిగిలాయి. నేను ఉద్యోగం మారబోతున్న రోజులవి. పూర్ ఫండ్ ఖాతా పుస్తకం ముందు పెట్టుకుని ఆయన అలా కూర్చోవడం ఒకే ఒక్కసారి చూశాను. కొత్త మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు, రిటైర్మెంటుకి ఏడాదిన్నర. అయినా డిసెంబర్‌లో మొక్కలు వేయించారు.

డాలస్_కోనసీమ
మాటలు మానేసినవాళ్లలో నన్నూ రాసుకోండి, సగం. 1994లో మేం నలుగురం కలిసి ఇక్కడ ఒక క్లినిక్ మూసేస్తుంటే స్కానింగ్ మెషిన్ కొని పంపిద్దాం అనుకున్నాం. ఎంత సంబరంగా ఉత్తరం రాశానో. జవాబు ఇన్లాండ్ లెటర్‌లో వచ్చింది. "అది 110 వోల్టులది. ఇక్కడ 230. ట్రాన్స్‌ఫార్మర్ మీరు పంపుతారా? కాగితం రోలు ఎక్కడ దొరుకుతుంది? చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? ఇవి తెలియకపోతే అది మా వరండాలో బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తుంది. మీకు వీలైతే దుప్పట్లకి డబ్బు పంపండి. రెండు వందలు కావాలి."

దుప్పట్లు! స్కానింగ్ అంటే ప్రారంభోత్సవం, పలకమీద మా పేర్లు. దుప్పటి మీద ఎవరి పేరు రాస్తారు? నేను డబ్బు పంపలేదు. మా వాళ్లలో ఒకడు పంపాడు.

పాతకాలం_సిస్టర్
ఆ దుప్పట్లు నీలం గళ్లవి. దోభీ మార్చెయ్యకుండా మూలకి ఎర్రదారంతో నంబర్లు కుట్టింది మేమే. పన్నెండేళ్లు వచ్చాయి. అదే సమయంలో ఇంకో ఆస్పత్రికి ఎవరో పంపిన మెషిన్ మీద గుడ్డ కప్పి ఉండడం నేను చూశాను బాబూ, కాబట్టి బాధపడకు.

డాలస్_కోనసీమ
బాధపడ్డాను, ముప్పై ఏళ్లు అయింది, ఇప్పుడు తగ్గింది. పుస్తకం అచ్చు ఖర్చు నాకు చెప్పండి. పలక అక్కర్లేదు.

రేవుదాటినోడు
నేను ఎప్పుడూ ఇక్కడ రాయను, చదువుతాను. మా నాన్నకి కుష్టు. 1970ల్లో ఒక్క డాప్సోన్ బిళ్లే, ఏళ్ల తరబడి వేసుకోవాలి. 80ల్లో మూడు మందుల అట్టలు వచ్చాక పరిస్థితి మారింది. ఆ ఆస్పత్రిలో వారానికి ఒకరోజు, గురువారం, వెనక వరండాలో చూసేవారు. వెనక గేటు నుంచే రావాలి మేము. మిగతా డాక్టర్లు అటు వచ్చేవారు కాదు.

ఒక గురువారం వెళ్లేసరికి ఏవో గారి టేబుల్, కుర్చీ, ఫైళ్లు అన్నీ ఆ వరండాలో ఉన్నాయి. సెలవు చీటీ, మందుల ఇండెంట్, ఏ సంతకం కావాలన్నా ఆ రోజు అక్కడికే రావాలి. మొదటి వారం ముక్కుకి గుడ్డ పెట్టుకుని వచ్చారు డాక్టర్లు. రెండో నెలకి గుడ్డ లేదు. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు ఆయన. ఏడాది తర్వాత ముందు గేటు నుంచి రమ్మన్నారు మమ్మల్ని.

పాతకాలం_సిస్టర్
ఆ గురువారాలు! సంతకాల కోసం నేనూ వెళ్లేదాన్ని. మొదట్లో నాకూ ఇష్టం లేదు, ఒప్పుకుంటున్నాను.

పూతరేకు
ఇప్పుడు ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ టిక్కులూ దింపులూ అవసరం లేదేమో కదా.

మెడికో_90
2007లో వచ్చింది, జాబితాలో ఉన్న జబ్బు అయితే చేతి నుంచి డబ్బు పెట్టకుండా ఆపరేషన్ అయిపోతుంది, నిజమే, చాలామంది బతికారు. జాబితాలో లేని జబ్బు, తోడొచ్చినవాళ్ల తిండి, వారం రోజుల కూలి? ఆయన రిటైరయ్యాక కూడా వార్డుల్లో అడిగేది అదే, "తోడు ఎవరున్నారు, వాళ్లు తిన్నారా" అని. క్యాంటీన్ తాళం వేసినాయనే.

కొబ్బరాకు
రిటైరయ్యాకే నాకు తెలుసు. మా పిల్లలు "కళ్ల తాతయ్య" అనేవారు. ఎక్కడ ఎవరు పోయినా గంటలో గొడుగుతో ప్రత్యక్షం. నేత్రదానం చెయ్యమని అడగడానికి. నిజం చెప్పాలంటే మా వీధిలో ఆయన గొడుగు కనపడితే జనం లోపల మంచాన ఉన్న ముసలివాళ్ల వైపు చూసేవారు. ఒకావిడ పేడనీళ్లు చల్లింది కూడా.

గౌతమిగట్టు
అది మాత్రం నాకు నచ్చేది కాదు. ఏడుపు ఆగకముందే కరపత్రం ఏమిటి?

మెడికో_90
ఆరు గంటల్లోపు తియ్యాలి కాబట్టి. ఏడుపు ఆగేదాకా ఆగితే కార్నియా, అంటే కంటి ముందుపొర, పనికిరాదు. అది తెలిసి తిట్లు తినడానికే వెళ్లేవారు.

లంకపిల్ల
ఇక్కడిదాకా వచ్చింది కాబట్టి నేనూ చెప్తాను.

2003లో మా నాయనమ్మ పోయింది. ఇంకా చాప మీదే ఉంది. పెదనాన్న మా నాన్నని పక్కకి పిలిచి, "అమ్మ కళ్లు ఇద్దాం రా" అన్నారు. నాన్న వరండాలో అందరి ముందూ అరిచారు, "ఊళ్లో వాళ్లవి సరిపోలేదా, అమ్మవి కూడా పీకిస్తావా" అని. ఇవ్వలేదు. ఆ రోజు నుంచి ఇరవై ఒక్కేళ్లు అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. రెండు వీధుల అవతలి ఇల్లు. నా పెళ్లిలో ఒకరు మొదటి బంతి, ఒకరు రెండో బంతి.

మొన్న తెల్లవారుజామున నాలుగింటికి పెద్దమ్మ ఫోను. నేను వెళ్లేసరికి నాన్న నాకంటే ముందే ఉన్నారు. ఫ్యాన్ ఆపేసి ఉంది. పెదనాన్న తల కింద రెండు దిళ్లు. మూసిన కళ్ల మీద తడి దూది. నాన్న పక్కన గిన్నెలో నీళ్లు పెట్టుకుని కూర్చున్నారు, దూది మరీ ఎక్కువ తడిపేశారు, చొక్కా ముంజేతి దాకా నానిపోయి ఉంది. నన్ను చూసి, "నాలుగింటికి కొంచెం ముందు పోయాడట. పదిలోపు రావాలి వాళ్లు. ఫోన్ చెయ్యి" అన్నారు. అంతే.

ఏడున్నరకి వచ్చారు, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మొహంలో ఏ తేడా తెలియలేదు. ఇదంతా ఎలా తెలుసు నాన్నా అంటే, పెదనాన్న కరపత్రం దేవుడి గూట్లో పంచాంగం కింద ఉందన్నారు. ఎప్పటినుంచి ఉందో నేను అడగలేదు.

పాతకాలం_సిస్టర్
అయ్యో తల్లీ.

పూతరేకు
ఎనభై నాలుగేళ్ల కళ్లు పనికొస్తాయా? సందేహం కొద్దీ అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి.

మెడికో_90
వయసు పట్టింపు లేదు. అద్దాలు ఉన్నా, షుగర్ ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చు. వాడేది ముందుండే పారదర్శకమైన పొర మాత్రమే, దాన్ని పరీక్ష చేసి చూసుకుంటారు. రేబిస్, హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్ లాంటివాటితో పోయినవాళ్లవి మాత్రం తీసుకోరు. వాళ్ల నాన్నగారు చేసినవన్నీ సరైనవే: ఫ్యాన్ ఆపడం, రెప్పలు మూయడం, తడి దూది, తల ఎత్తుగా పెట్టడం. దూది మరీ కారేటట్టు తడిపినా నష్టం లేదు.

తొమ్మిదో_వార్డు
ఇది పుస్తకంలో వేస్తారా?

గౌతమిగట్టు
వాళ్ల నాన్నగారిని అడక్కుండా వెయ్యకూడదు.

పూతరేకు
ఇంటి గొడవలు అచ్చువేయడం నాకిష్టం లేదు. కొబ్బరికాయలు, గురువారాలు, డీజిలు చాలు.

పాతకాలం_సిస్టర్
మజ్జిగ?

పూతరేకు
మజ్జిగ తప్పకుండా.

లంకపిల్ల
నాన్నకి ఈ పేజీలన్నీ చదివి వినిపించాను. అంబాసిడర్ దగ్గర నవ్వారు. ట్రస్టీ గారి లైను దగ్గర "వాడు అంతే" అన్నారు. నేను రాసిన ముక్క దగ్గర ఏమీ అనలేదు. పుస్తకంలో వెయ్యనా అంటే, "గొడుగు సంగతి రాయవేం" అన్నారు.

కమిటీ వాళ్లకి కూడా చూపించాను. మజ్జిగ, తాళం, కారు తీసెయ్యమంటున్నారు, "సంస్మరణ గ్రంథం కదమ్మా" అని. తీసేస్తే నా పేరు కూడా తీసెయ్యండి అన్నాను. రేపు మళ్లీ కూర్చుంటాం. సేవామూర్తి పదకొండు నుంచి రెండుకి దిగింది, ఒప్పందం.

కొబ్బరాకు
గొడుగు నా దగ్గర ఉంది. 2009 వర్షాకాలం, బస్టాండ్‌లో నేనూ మా పాపా తడుస్తుంటే చేతిలో పెట్టి వెళ్లిపోయాడు, "ఆస్పత్రి గేటులో ఇచ్చెయ్యి" అని. ఇవ్వలేదు. అందుకే మొదటినుంచీ గొడుగు గొడుగు అంటున్నాను.

రేవుదాటినోడు
మా ఇంట్లో ఒకటుంది. నాన్నకి ఇచ్చారు. వెదురు పిడి.

పాతకాలం_సిస్టర్
నా దగ్గర రెండు.

బిల్లు_కౌంటర్
నాదగ్గరున్నదానికి లోపలి వైపు తెల్ల పెయింటుతో ఆస్పత్రి స్టాక్ నంబర్ లేదు. అంటే సొంత డబ్బుతో కొన్నదే. ఆడిటర్ గారు గమనించగలరు.

లంకపిల్ల
పెద్దమ్మ పక్కనే ఉంది, చదివి చెప్పాను. ఏటా రెండు గొడుగులు "పోయాయి" అని చెప్పేవాడట, మతిమరుపు మనిషి అని ఇన్నేళ్లూ తిట్టిందట. ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పమంటోంది. రేవుదాటినోడు గారూ, వెదురు పిడిది ఆవిడ అన్నగారు కాశీ నుంచి తెచ్చింది, అది మాత్రం తిరిగి కావాలట.